కనిపించే పచ్చబొట్లు, రెస్టారెంటు సిబ్బంది: కస్టమర్ల వైఖరి

రెస్టారెంట్లలో పనిచేసే కొందరికి చేతుల మీదో, మెడ మీదో, ముఖం మీదో పచ్చబొట్లు ఉంటాయి. దుస్తులకు దాగని ఆ పచ్చబొట్లను చూసి భోజనానికి వచ్చినవారు ఉద్యోగి శుభ్రత గురించి, నడవడి గురించి, పనితనం గురించి ఏర్పరచుకునే అభిప్రాయాలు సేవారంగ పరిశోధనకూ కార్మిక చట్టానికీ సంబంధించిన విషయం. ఈ అభిప్రాయాలు ఉద్యోగం దొరకడాన్ని, టిప్పు రూపంలో వచ్చే ఆదాయాన్ని, సంస్థలు పెట్టుకునే వేషధారణ నియమాలను ప్రభావితం చేస్తాయి. ఎక్కువ పరిశోధన అమెరికా, బ్రిటన్ దేశాల్లో జరిగింది. జపాన్, న్యూజిలాండ్ అనుభవాలు వాటికి భిన్నమైనవి. అన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. కస్టమర్ తీర్పు పచ్చబొట్టు ఒక్కదాన్ని బట్టి ఉండదు. అది ఎలాంటి చోటు, ఆ చోట తాను ఏం ఆశించి వచ్చాడు అన్నదాన్ని బట్టి ఉంటుంది. యజమానుల నియమాలు మాత్రం చాలాకాలం ఆ తేడాను పట్టించుకోలేదు.

విషయ పరిధి

రెస్టారెంటులో పనులు రెండు భాగాలు. హాల్లో, కౌంటర్ దగ్గర, బార్‌లో పనిచేసేవారు కస్టమర్‌కు ఎదురుగా ఉంటారు. వంటగదిలో పనిచేసేవారు కనబడరు. పచ్చబొట్టు గురించిన చర్చ ప్రధానంగా మొదటి వర్గానిది. ఓపెన్ కిచెన్లు పెరిగాక వంటవారు కూడా ఇందులోకి వచ్చారు.

మిగతా సేవారంగంతో పోలిస్తే రెస్టారెంటుకు మూడు ప్రత్యేకతలున్నాయి. మొదటిది, అక్కడ అమ్మేది నోట్లోకి వెళ్ళే పదార్థం. అందుకే అందించే చేయి శుభ్రంగా ఉందా అన్న అనుమానం బ్యాంకు కౌంటర్ దగ్గర రానంత తేలిగ్గా ఇక్కడ వస్తుంది. రెండవది, ప్లేటు పెట్టేటప్పుడు, గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు ఉద్యోగి ముంజేయి కస్టమర్ కళ్ళముందుకు వస్తుంది. చాలామంది పచ్చబొట్టు పొడిపించుకునే చోటు కూడా అదే. మూడవది, అమెరికా వంటి దేశాల్లో వడ్డించేవారి సంపాదనలో పెద్ద భాగం కస్టమర్ ఇష్టం మీద ఆధారపడిన టిప్పు.

చారిత్రక నేపథ్యం

పచ్చబొట్టు మనిషి అలవాట్లలో చాలా పాతది. 1991లో ఆల్ప్స్ పర్వతాల్లో మంచు కింద దొరికిన ఓట్జీ అనే మనిషి దేహం సుమారు 5,300 ఏళ్ళనాటిది. దాని మీద 61 పచ్చబొట్లను గుర్తించారు. పసిఫిక్ దీవుల్లో, జపాన్‌లో, ఉత్తర ఆఫ్రికాలో, భారత ఉపఖండంలో వేర్వేరు సంప్రదాయాలు వేటికవే పెరిగాయి.

ఆధునిక ఐరోపాలో, అమెరికాలో దీనికి అంటుకున్న పేరు వేరు. 1769లో కెప్టెన్ జేమ్స్ కుక్ నౌక తహితి చేరిన తర్వాత నావికుల్లో పచ్చబొట్టు వ్యాపించింది. ఆ తర్వాత సైనికులు, రేవు కూలీలు, సర్కస్ ప్రదర్శకులు దాన్ని అందుకున్నారు. 1891లో శామ్యూల్ ఓరైలీ న్యూయార్క్‌లో విద్యుత్తుతో నడిచే పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు పొందాడు. దానితో పని వేగం పెరిగి, ఖర్చు తగ్గింది. సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన కొద్దీ పైవర్గాల చిన్నచూపు కూడా పెరిగింది.

ఆ చిన్నచూపుకు ఆరోగ్య భయం తోడైంది. హెపటైటిస్ వ్యాపిస్తోందన్న కారణం చూపి 1961లో న్యూయార్క్ నగరం పచ్చబొట్లు పొడవడాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1997 దాకా ఉంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2000లో, ఓక్లహోమాలో 2006లో గానీ ఈ వృత్తికి చట్టబద్ధత రాలేదు. ఈనాటి కస్టమర్లలో పెద్ద వయసువారు ఆ నిషేధాల కాలంలో పెరిగినవారు. వారి మనసులో పచ్చబొట్టుకూ రోగానికీ ముడిపడడానికి మూలం ఈ చరిత్రలో ఉంది.

అమెరికాలో వ్యాప్తి

2012లో హారిస్ సంస్థ సర్వేలో అమెరికన్ వయోజనుల్లో 21 శాతం మంది తమకు పచ్చబొట్టు ఉందన్నారు. 2015 నాటి సర్వేలో ఆ సంఖ్య 29 శాతం. 2023లో ప్యూ రిసెర్చ్ సెంటర్ సర్వేలో 32 శాతం. వీరిలో ఒకటి కంటే ఎక్కువ ఉన్నవారు దేశ వయోజనుల్లో 22 శాతం. స్త్రీలలో 38 శాతం మందికి, పురుషుల్లో 27 శాతం మందికి పచ్చబొట్లున్నాయి. 30 నుంచి 49 ఏళ్ళవారిలో 46 శాతం మందికి ఉంటే, 65 దాటినవారిలో 13 శాతం మందికే ఉన్నాయి. గత కొన్ని దశాబ్దాల్లో సమాజం పచ్చబొట్లను ఎక్కువగా ఆమోదించిందని సుమారు 80 శాతం మంది అభిప్రాయపడ్డారు.

ఈ అంకెల నుంచి రెండు విషయాలు తేలుతాయి. రెస్టారెంటు ఉద్యోగాల్లో చేరేది ఎక్కువగా యువత. ఆ వయసువారిలో పచ్చబొట్లు ఉన్నవారిని వద్దనుకుంటే యజమానికి పనివారు దొరకడం కష్టం. ఇక కస్టమర్ల వైపు చూస్తే, తినడానికి వచ్చినవారిలోనే మూడింట ఒక వంతుకు దగ్గరగా పచ్చబొట్లున్నాయి. బల్లకు ఇటువైపు, అటువైపు ఉన్నవారి మధ్య ఒకప్పటి దూరం లేదు.

అయితే పచ్చబొట్టు ఉండడం వేరు, కనిపించేలా ఉండడం వేరు. 2010లో ప్యూ సంస్థ యువతరంపై జరిపిన అధ్యయనంలో పచ్చబొట్లున్న యువతలో సుమారు 70 శాతం మంది వాటిని దుస్తుల కింద దాచుకుంటామని చెప్పారు. ఉద్యోగం పోతుందేమో, రాకుండా పోతుందేమో అన్న భయం ఇలా దాచుకోవడానికి ఒక కారణం కావచ్చు.

టిప్పు, సంపాదన

అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం టిప్పు అందుకునే ఉద్యోగికి యజమాని నగదుగా ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఈ అంకె మారలేదు. మామూలు కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్లు. ఈ తేడాను టిప్పు పూడ్చాలి, పూడ్చకపోతే యజమాని పూడ్చాలి. కొన్ని రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువ వేతనం నిర్ణయించాయి. కాబట్టి చాలాచోట్ల కస్టమర్ అభిప్రాయమే సర్వర్ జీతంగా మారుతుంది.

టిప్పు సేవకు ప్రతిఫలమని సాధారణ నమ్మకం. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ లిన్ దశాబ్దాల పరిశోధన దీనికి భిన్నమైన చిత్రం చూపింది. సేవ నాణ్యతకూ టిప్పు మొత్తానికీ సంబంధం ఉన్నా అది చాలా బలహీనం. చిరునవ్వు, బల్ల దగ్గర వంగి మాట్లాడడం, పేరు చెప్పి పరిచయం చేసుకోవడం వంటి చిన్న విషయాలు టిప్పును పెంచుతాయి. 1980లో స్టిల్‌మన్, హెన్స్లీ అనే పరిశోధకులు వడ్డించే స్త్రీలు తలలో పువ్వు పెట్టుకున్న రోజుల్లో టిప్పులు పెరిగాయని చూపించారు. పువ్వు ఆదాయం పెంచగలిగినప్పుడు, కస్టమర్‌కు నచ్చని అలంకారం దాన్ని తగ్గించగలదు. సర్వర్లు తమ పచ్చబొట్ల గురించి జాగ్రత్తపడడం వెనుక ఉన్నది ఈ లెక్కే. దాన్ని పిరికితనం అనడం తగదు.

పరిశోధనలు

ఈ రంగంలో పనిచేసినవారు రెండు భావనల నుంచి మొదలుపెట్టారు. 1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ విమాన సిబ్బందిని అధ్యయనం చేసి, నవ్వును, ఓర్పును అమ్మే పనిని భావోద్వేగ శ్రమ అన్నారు. ఆ తర్వాత గ్లాస్గోలో హోటళ్ళు, దుకాణాలను పరిశీలించిన క్రిస్ వార్‌హర్స్ట్, డెన్నిస్ నిక్సన్ తదితరులు యజమానులు ఉద్యోగి రూపాన్ని, మాటతీరును, దుస్తులను కూడా వ్యాపార వస్తువుగా మలుస్తున్నారని గమనించి దాన్ని సౌందర్య శ్రమ అన్నారు. పచ్చబొట్టు ఈ రెండవ భావన కిందికి వస్తుంది. చర్మం ఉద్యోగిది, దాని మీద కనిపించేదాన్ని మాత్రం సంస్థ తన ముఖచిత్రంగా భావిస్తుంది.

2010లో డ్వేన్ హాల్ డీన్ ప్రచురించిన అధ్యయనం కస్టమర్ల దృష్టిని నేరుగా పరీక్షించిన తొలి పనుల్లో ఒకటి. ఆఫీసు (వైట్ కాలర్) ఉద్యోగాల్లో ఉన్నవారికి పచ్చబొట్లు తగవని, చేతిపని ఉద్యోగాల్లో ఫరవాలేదని జనం భావిస్తున్నట్టు తేలింది. 2016లో బౌమన్, టిమ్మింగ్, గోలన్ శస్త్రవైద్యులు, కారు మెకానిక్కుల ఫోటోలతో పరీక్ష చేశారు. రెండు వృత్తుల్లోనూ పచ్చబొట్టు లేనివారినే ఎక్కువగా కోరుకున్నారు. వ్యతిరేకత శస్త్రవైద్యుల విషయంలో బలంగా, మెకానిక్కుల విషయంలో తక్కువగా ఉంది. రెస్టారెంటు ఈ రెండు కొసల మధ్య ఉంటుంది.

యజమానుల మనసును ఆండ్రూ టిమ్మింగ్ లోతుగా పరిశీలించాడు. 2015లో వచ్చిన ఆయన పరిశోధనలో సేవారంగ మేనేజర్లు, పచ్చబొట్లున్న ఉద్యోగార్థులు ఇంటర్వ్యూలు ఇచ్చారు. ఉద్యోగమివ్వడానికి వెనుకాడిన మేనేజర్లలో చాలామంది తమ సొంత అయిష్టం కంటే కస్టమర్లు ఏమనుకుంటారో అన్న అంచనానే కారణంగా చూపారు. పచ్చబొట్టు ఎక్కడుంది, ఏ బొమ్మ, ఎలాంటి సంస్థ, ఉద్యోగి కస్టమర్‌కు ఎంత దగ్గరగా పనిచేస్తాడు అన్న నాలుగు విషయాలు వారి నిర్ణయాన్ని మార్చాయి.

ఆయనే 2017లో ఈ ప్రశ్నను తిరగేసి చూశాడు. యువతను ఆకర్షించాలనుకునే సంస్థకు పచ్చబొట్టు లాభం చేకూర్చగలదని వాదించాడు. ఖరీదైన భోజనశాల సర్వర్ మెడ మీద ఇబ్బందిగా కనిపించే పచ్చబొట్టు, కుర్రకారు వచ్చే నైట్‌క్లబ్ బార్‌లో బ్రాండుకు తగినదిగా కనిపిస్తుంది. పచ్చబొట్టును లోపంగా మాత్రమే చూసే పాత పరిశోధనకు ఇది ముఖ్యమైన సవరణ.

జనం కాగితం మీద చెప్పేదానికీ డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు చేసేదానికీ తేడా ఉండవచ్చు. జెనిఫర్ డోలియాక్, ల్యూక్ స్టీన్ 2013లో ప్రచురించిన ప్రయోగం అసలు కొనుగోలుదారుల ప్రవర్తనను కొలిచింది. ఆన్‌లైన్ ప్రకటనల్లో ఐపాడ్‌ను పట్టుకున్న చేయి కొన్నిసార్లు నల్లజాతి వ్యక్తిది, కొన్నిసార్లు తెల్లజాతి వ్యక్తిది, కొన్నిసార్లు మణికట్టు మీద పచ్చబొట్టున్న తెల్లజాతి వ్యక్తిది. నల్ల చేతికి తెల్ల చేతి కంటే 13 శాతం తక్కువ స్పందనలు, 17 శాతం తక్కువ బేరాలు వచ్చాయి. పచ్చబొట్టున్న చేతికీ దాదాపు అంతే నష్టం జరిగింది. ముఖం కనబడని చోట, ముక్కూమొహం తెలియని వ్యక్తితో లావాదేవీ చేసేటప్పుడు పచ్చబొట్టు అపనమ్మకానికి గుర్తుగా పనిచేసిందని దీని అర్థం.

మొత్తం శ్రామిక మార్కెట్‌ను చూసిన పరిశోధన మరో దిశ చూపింది. మైఖేల్ ఫ్రెంచ్ బృందం 2,000 మందికి పైగా అమెరికన్ల వివరాలు పరిశీలించి 2018లో ప్రచురించిన ఫలితాల్లో, పచ్చబొట్లున్నవారికి ఉపాధిలో గానీ వేతనంలో గానీ గుర్తించదగిన నష్టం కనబడలేదు. ఈ ఫలితాలు పైవాటిని కొట్టివేయవు. ఉద్యోగం కోరేవారు తమను ఆమోదించే చోటుకు చేరుకుంటారు. ఒక తలుపు మూసుకున్నవారు మరో తలుపు తట్టి ఉద్యోగం సంపాదించుకుంటే సగటు లెక్కలో నష్టం కనబడదు. మూసుకున్న తలుపు మాత్రం మూసుకునే ఉంటుంది.

ఫోటోలతో చేసే పరీక్షలకు ఒక పరిమితి ఉంది. ఫోటోలో పచ్చబొట్టు తప్ప చూడడానికి మరేమీ ఉండదు. రెస్టారెంటులో కస్టమర్ గంటసేపు కూర్చుంటాడు. సర్వర్ మాట వింటాడు, ఆర్డరు సరిగ్గా వచ్చిందో లేదో చూస్తాడు, వేడివేడిగా వచ్చిన పదార్థం రుచి చూస్తాడు. తొలి చూపులో ఏర్పడిన అభిప్రాయం ఈ గంటలో మారే అవకాశం ఉంది. అందువల్ల ఫోటో పరీక్షల ఫలితాలను రెస్టారెంటుకు యథాతథంగా వర్తింపజేయడం సరికాదు.

వైఖరిని మార్చే అంశాలు

స్థలం: అన్నిటికంటే బలమైన అంశం ఇది. తెల్లని టేబుల్‌క్లాత్, ఒకే రంగు యూనిఫాం ఉన్న చోట కస్టమర్ ఒక పద్ధతిని కొనుక్కుంటున్నాడు. ఆ పద్ధతికి వెలుపలిదేదైనా అతని కంటికి తగులుతుంది. కాఫీ బార్‌లో, బర్గర్ దుకాణంలో, క్రాఫ్ట్ బీరు పబ్బులో ఉద్యోగి సొంత వ్యక్తిత్వం కూడా ఆ చోటు ఆకర్షణలో భాగం.

శరీరంపై చోటు: ముంజేతి మీది పచ్చబొట్టుకు ఆమోదం ఎక్కువ. మెడకు, ముఖానికి తక్కువ. సడలించిన సంస్థల నియమాలు కూడా దాదాపు అన్నీ ఈ గీత దగ్గరే ఆగాయి.

బొమ్మ: పూలు, పక్షులు, కుటుంబ సభ్యుల పేర్లు, దైవ చిహ్నాలు కస్టమర్‌ను పెద్దగా కలవరపెట్టవు. పుర్రెలు, ఆయుధాలు, నగ్న చిత్రాలు, ద్వేష చిహ్నాలు కలవరపెడతాయి. ఈ వర్గీకరణలో చివరిదానికి మిగతావాటితో పోలిక లేదు. ద్వేష చిహ్నం ఎదుటి కస్టమర్‌ను, పక్కన పనిచేసేవారిని నిజంగా గాయపరుస్తుంది.

వయసు, అనుభవం: తనకో, తన ఇంట్లోవారికో పచ్చబొట్టున్న కస్టమర్ దాన్ని ప్రత్యేకంగా పట్టించుకోడు. పరిచయం పెరిగిన కొద్దీ భయం తగ్గుతుందన్న సామాజిక మనస్తత్వ సూత్రం ఇక్కడ పనిచేస్తుంది.

లింగం: పచ్చబొట్టున్న స్త్రీని చూసి ఆమె నడవడి గురించి ఊహలు అల్లడం పురుషుల విషయంలో కంటే ఎక్కువ. ఒకే నియమాన్ని స్త్రీపురుషులిద్దరికీ పెట్టినా, దాని బరువు ఇద్దరి మీదా సమానంగా పడదు.

శుభ్రతపై అనుమానం

పచ్చబొట్టు ఉంటే ఆహారం కలుషితమవుతుందన్న భావనకు ఆధారం లేదు. సిరా చర్మం పైపొరలో ఉండదు, దాని కింది పొరలో ఉంటుంది. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సే పరిశోధకులు ఎలుకలపై ప్రయోగాలు చేసి, ఆ రంగు రేణువులను రోగనిరోధక కణాలు మింగి పట్టి ఉంచుతాయని, ఒక కణం చనిపోతే విడుదలైన రంగును మరో కణం అందుకుంటుందని చూపించారు. మానిన పచ్చబొట్టు నుంచి రంగు పైకి వచ్చి తిండిలో కలవదు. సబ్బుతో కడిగిన చేయి పచ్చబొట్టున్నా లేకున్నా ఒకటే.

కొత్తగా పొడిపించుకున్న పచ్చబొట్టు సంగతి వేరు. అది మానని గాయం. పైచర్మం మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు ఏ గాయానికైనా వర్తించే నియమమే దీనికీ వర్తించాలి: నీరు చొరని కట్టు, అవసరమైతే గ్లవ్స్. అమెరికా ఆహార ఔషధ సంస్థ వారి ఫుడ్ కోడ్ చేతి గాయాలను కప్పమంటుంది. వంట చేసేటప్పుడు సాదా ఉంగరం తప్ప చేతులకు నగలు వద్దంటుంది, ఎందుకంటే వాటి సందుల్లో మురికి చేరుతుంది. చేతి గడియారం తీసేయాలి కాని పచ్చబొట్టును కప్పాల్సిన అవసరం లేదు. ఆరోగ్య శాస్త్రం ప్రకారం ఉన్న తేడా ఇది. వేషధారణ నియమానికి శుభ్రతను సాకుగా చూపే యజమాని ఈ తేడాను తెలుసుకోవాలి.

వంటగది సంస్కృతి

పాశ్చాత్య వంటగదుల్లో పచ్చబొట్టు చాలాకాలం వృత్తి గుర్తుగా ఉంది. రాత్రి పొద్దుపోయేదాకా పని, కాలిన మచ్చలు, కత్తి గాట్లు, తక్కువ జీతం, మరెక్కడా ఇమడనివారికి ఆశ్రయం – ఇవన్నీ కలిసిన లోకంలో పచ్చబొట్టు తోటివారితో బంధానికి చిహ్నమైంది. 2000లో వెలువడిన ‘కిచెన్ కాన్ఫిడెన్షియల్’ పుస్తకంతో ఆంథొనీ బోర్డేన్ ఈ లోకాన్ని భోజనప్రియుల ముందుకు తెచ్చాడు. తర్వాత టెలివిజన్ కార్యక్రమాల్లో ఆయన చేతుల మీది పచ్చబొట్లను లక్షలమంది చూశారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల వంటకు పేరు తెచ్చిన షాన్ బ్రాక్ చేతి నిండా దేశవాళీ కూరగాయల బొమ్మలుంటాయి. 2016లో ఐజక్ ఫిట్జ్‌జెరల్డ్, వెండీ మెక్‌నాటన్ వంటవారి పచ్చబొట్ల వెనుక కథలను ‘నైవ్స్ అండ్ ఇంక్’ అనే బొమ్మల పుస్తకంగా ప్రచురించారు.

ఈ ప్రచారం వల్ల కస్టమర్ దృష్టి మారింది. పచ్చబొట్టున్న వంటవాడు పనిలో మునిగినవాడన్న భావన ఏర్పడింది. అయితే ఈ గౌరవం పేరున్న చెఫ్‌కు దక్కినంత తేలిగ్గా ప్లేట్లు మోసే సర్వర్‌కు దక్కలేదు. ఒకే బొమ్మ ఒకరి చేతి మీద సృజనగా, మరొకరి చేతి మీద క్రమశిక్షణ లోపంగా కనిపించడం హోదాను బట్టి జరిగే అన్యాయం.

సంస్థల నియమాలు

2014 అక్టోబరులో స్టార్‌బక్స్ అమెరికాలో తన నియమాన్ని సడలించింది. అంతకుముందు ఉద్యోగులు పచ్చబొట్లను పొడుగు చేతుల చొక్కాలతో కప్పుకోవాల్సి వచ్చేది. ఉద్యోగులు ఆన్‌లైన్‌లో వేలాది సంతకాలు సేకరించి కోరిన తర్వాత ముఖం, గొంతు మీద తప్ప మిగతాచోట్ల పచ్చబొట్లు కనిపించడానికి ఒప్పుకుంది. 2021 ఏప్రిల్‌లో డిస్నీ తన థీమ్ పార్కుల సిబ్బందికి, అక్కడి రెస్టారెంట్లలో పనిచేసేవారితో సహా, కనిపించే పచ్చబొట్లకు అనుమతినిచ్చింది. ముఖం, తల, మెడ మీద ఉండకూడదని, పరిమాణం వేళ్ళు చేర్చి చాచిన చేతిని మించకూడదని షరతు పెట్టింది. కుటుంబాలతో వచ్చే కస్టమర్ల పేరు చెప్పి దశాబ్దాలుగా కఠిన వేషధారణ నియమాలు నడిపిన సంస్థ ఇలా మారడం ఈ రంగంలో పెద్ద మలుపు.

బ్రిటన్‌లో వర్జిన్ అట్లాంటిక్ విమానయాన సంస్థ 2022లో విమాన సిబ్బంది పచ్చబొట్లు కనిపించడానికి అనుమతించింది. బ్రిటన్ కార్మిక సంబంధాల సలహా సంస్థ ఏకాస్ 2016లోనే కఠిన నియమాల వల్ల ప్రతిభ గల యువత దూరమవుతారని యజమానులను హెచ్చరించింది. ఈ మార్పులన్నిటికీ వెనుక ఉన్న బలమైన కారణం ఆర్థికమే. పనివారి కొరత ఉన్నప్పుడు చర్మం మీది బొమ్మను చూసి మనిషిని వదులుకోవడం వ్యాపారానికి గిట్టదు.

చట్టం

అమెరికాలో 1964 నాటి పౌర హక్కుల చట్టం జాతి, వర్ణం, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా వివక్షను నిషేధిస్తుంది. పచ్చబొట్టు ఆ జాబితాలో లేదు. అందువల్ల ప్రైవేటు యజమాని సాధారణంగా పచ్చబొట్లను నియంత్రించవచ్చు. మతం ప్రవేశించినప్పుడు పరిస్థితి మారుతుంది.

ఈ విషయంలో రెస్టారెంటు రంగానికి నేరుగా చెందిన కేసు రెడ్ రాబిన్ సంస్థది. వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూలో ఆ సంస్థ రెస్టారెంటులో పనిచేసిన ఒక సర్వర్ ప్రాచీన ఈజిప్టు మతాన్ని అనుసరించేవాడు. మణికట్ల చుట్టూ సన్నని గీతల్లా ఉన్న పవిత్ర అక్షరాలను కావాలని కప్పడం పాపమని అతని విశ్వాసం. కప్పనన్నందుకు ఉద్యోగం పోయింది. సమాన ఉపాధి అవకాశాల కమిషన్ కేసు వేసింది. కుటుంబాలు, పిల్లలు వచ్చే రెస్టారెంటుగా తమకున్న పేరు దెబ్బతింటుందని సంస్థ వాదించింది. కస్టమర్లు నిజంగా అలా భావిస్తున్నారనడానికి ఆధారం ఏదని న్యాయస్థానం ప్రశ్నించి, కేసును విచారణ లేకుండానే ముగించడానికి నిరాకరించింది. 2005లో సంస్థ 1,50,000 డాలర్లు చెల్లించి రాజీకి వచ్చింది.

దీనికి ఎదురుగా 2004 నాటి కాస్ట్‌కో కేసు ఉంది. ముఖ ఆభరణాలు తన మతంలో భాగమంటూ మినహాయింపు కోరిన ఉద్యోగినికి అనుకూలంగా అప్పీలు కోర్టు తీర్పివ్వలేదు. సిబ్బంది పద్ధతిగా కనిపించాలని కోరుకునే హక్కు యజమానికి ఉందని తేల్చింది.

కస్టమర్ ఇష్టాన్ని వివక్షకు సమర్థనగా చూపడాన్ని న్యాయస్థానాలు ముందే నిరాకరించాయి. ప్రయాణికులు స్త్రీలనే కోరుకుంటున్నారంటూ పురుషులను విమాన సిబ్బందిగా తీసుకోని పాన్ యామ్ సంస్థ వాదనను 1971లో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. 2023లో గ్రోఫ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, మతపరమైన మినహాయింపును నిరాకరించాలంటే వ్యాపారానికి గణనీయమైన భారం చూపాలని చెప్పింది. ఒక మతాచారం పట్ల ఇతరులకున్న అయిష్టాన్ని అలాంటి భారంగా లెక్కించరాదని కూడా తేల్చింది.

ఇతర దేశాలు

జపాన్‌లో పచ్చబొట్టు కళకు గొప్ప చరిత్ర ఉన్నా, యాకుజా నేర ముఠాలతో దానికున్న సంబంధం జనం మనసులో బలంగా నాటుకుంది. 1872లో మెయిజీ ప్రభుత్వం విధించిన నిషేధం 1948 దాకా నడిచింది. 2015లో జపాన్ పర్యాటక సంస్థ వేడినీటి స్నానశాలలున్న వసతి గృహాలను అడిగితే సుమారు 56 శాతం సంస్థలు పచ్చబొట్లున్న అతిథులను అనుమతించబోమని చెప్పాయి. కస్టమర్‌నే నిరాకరించే చోట ఉద్యోగికి వెసులుబాటు ఆశించడం కష్టం. 2013లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన మావోరీ మహిళను ముఖం మీది సంప్రదాయ పచ్చబొట్టు కారణంగా హొక్కైడోలో స్నానశాలకు రానివ్వకపోవడం అంతర్జాతీయంగా చర్చకు దారితీసింది.

న్యూజిలాండ్ ఇందుకు పూర్తిగా ఎదురు కొస. అక్కడ మావోరీల టా మోకో వంశాన్ని, స్థానాన్ని చెప్పే పవిత్ర గుర్తు. దాన్ని కప్పుకోమనడం మనిషి తన పూర్వీకులను దాచుకోమనడంతో సమానమన్న వాదనకు అక్కడ బలముంది. 2019 సెప్టెంబరు 1 నుంచి ఎయిర్ న్యూజిలాండ్ తన సిబ్బంది టా మోకోతో పాటు అభ్యంతరం లేని ఇతర పచ్చబొట్లనూ బహిరంగంగా ఉంచుకోనిచ్చింది.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

భారతదేశంలో పచ్చబొట్టు అనాదిగా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో రామనామీలు ఒళ్ళంతా రామనామం పొడిపించుకున్నారు. మధ్యప్రదేశ్ బైగా స్త్రీలకు అది జీవిత దశల గుర్తు. తెలుగు నేల మీద ఎరుకల స్త్రీలు సోది చెప్పడంతో పాటు పచ్చబొట్లు పొడిచేవారు. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండులకు తోటి అనే తెగ స్త్రీలు పొడిచేవారు. ముంజేతి మీద ఇష్టదైవం, తేలు, పుట్టింటివారి పేరు ఉన్న ముసలమ్మలను పల్లెల్లో ఇప్పటికీ చూడవచ్చు.

ఆ చేతులు వండి పెట్టిన అన్నం గురించి ఎవరూ అనుమానపడలేదు. పచ్చబొట్టును శుభ్రతతో ముడిపెట్టే ఆలోచన మన ఇళ్ళలో పుట్టింది కాదు. అది నక్షత్రాల హోటళ్ళ వేషధారణ నియమాలతో, హోటల్ మేనేజ్‌మెంట్ శిక్షణతో, ఉద్యోగ ఇంటర్వ్యూల భయంతో వచ్చింది. కేంద్ర సాయుధ బలగాల నియామకాల్లో కూడా పచ్చబొట్టు చోటు, పరిమాణం, బొమ్మ మీద షరతులున్నాయి. మతచిహ్నాలు, పేర్లు సంప్రదాయంగా పొడిపించుకునే చోట్ల, ముఖ్యంగా సెల్యూట్ చేయని ఎడమ ముంజేతి లోపలి వైపు, అనుమతిస్తారు. ప్రైవేటు రెస్టారెంట్లలో మాత్రం నిర్ణయం పూర్తిగా యజమానిదే.

హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లో కేఫ్‌లు, పబ్బులు పెరిగాక పచ్చబొట్లున్న బారిస్టాలు, బార్‌టెండర్లు మామూలయ్యారు. పెద్ద హోటళ్ళ బ్యాంక్వెట్ హాళ్ళలో మాత్రం పొడుగు చేతుల చొక్కా నియమం కొనసాగుతోంది. కూలి కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడి చేతిమీది అమ్మ పేరును మోటుగా, నగర యువకుడి చేతిమీది ఇంగ్లిష్ అక్షరాలను ఫ్యాషన్‌గా చూసే తేడా ఇక్కడి ప్రత్యేక సమస్య. అభ్యంతరం సిరా మీద కాదు, పుట్టుక మీద, స్థోమత మీద అని దీన్నిబట్టి అర్థమవుతుంది. కుల, వర్గ భేదాలున్న సమాజంలో వేషధారణ నియమాలు రాసేవారు ఈ ప్రమాదాన్ని గుర్తించాలి.

మూల్యాంకనం

ఇంతవరకు వచ్చిన పరిశోధన సారం ఇది. పచ్చబొట్టుకు తొలి చూపులో వ్యతిరేక ప్రభావం ఉండవచ్చు. ఆ ప్రభావం చోటును బట్టి, బొమ్మను బట్టి మారుతుంది. కొన్నిచోట్ల అనుకూలంగా కూడా తిరుగుతుంది. తరాలు మారుతున్న కొద్దీ తగ్గుతోంది. దానికి ఆరోగ్యపరమైన ఆధారం లేదు. నియమాలు రాసిన యజమానులు చాలావరకు అసలు కస్టమర్‌ను అడగకుండా, ఊహించుకున్న కస్టమర్‌కు భయపడ్డారు.

న్యాయమైన నియమానికి కావాల్సినవి తక్కువే. మానని గాయాన్ని కప్పాలి. ద్వేషాన్ని, హింసను, అశ్లీలాన్ని చాటే బొమ్మలను ఎవరి చేతి మీదున్నా కప్పించాలి. మత, ఆదివాసీ సంప్రదాయాల గుర్తులకు మినహాయింపు ఉండాలి. నియమం ఏమిటో ఉద్యోగంలో చేరే ముందే రాతపూర్వకంగా చెప్పాలి. సర్వర్‌కూ చెఫ్‌కూ, స్త్రీకీ పురుషుడికీ ఒకే కొలత ఉండాలి. దీన్ని మించి అడిగే యజమాని తనకు అందిన ఫిర్యాదులు ఎన్నో, అవి దేని గురించో చూపగలగాలి. కస్టమర్‌కు రుచికరమైన, శుభ్రమైన భోజనం, మర్యాదైన సేవ కోరే హక్కు ఉంది. ఉద్యోగి శరీరం తన అభిరుచికి సరిపోవాలని కోరే హక్కు మాత్రం బిల్లు చెల్లించినంత మాత్రాన రాదు.